అమ్మోరికి దారి చెప్పిన మంగళవారం

మా కాలేజీ రేడియో గదిలో మైకు తెరుచుకుందని చెప్పే ఎర్ర బల్బు వెలిగిందంటే నాకు ఇప్పటికీ భయమే. తరగతిలో నిలబడి గంటసేపు చరిత్ర చెప్పమంటే చెబుతాను. రాజుల పేర్లు పుస్తకంలోవి, మిగతాదంతా నా సొంతం, ఒక్క కంగారు ఉండదు. ఎదురుగా పిల్లల ముఖాలుంటాయి. ఎవరు నమ్ముతున్నారో, ఎవరు నవ్వాపుకుంటున్నారో చూసుకుంటూ కథని కాస్త పెంచుకోవచ్చు, కాస్త తగ్గించుకోవచ్చు. మైకుకి ముఖం లేదు. దాని అవతల ఏ వంటింట్లో, ఏ కొట్లో, ఏ పొలం గట్టున ఎవరు కూర్చుని వింటున్నారో తెలీదు. చీకటి గదిలో ఎవరో ఉన్నారని తెలిసి "ఎవరది?" అంటే అవతల్నుంచి పలుకు రాకపోతే ఎలా ఉంటుందో, ఆ బల్బు కింద కూర్చోవడం నాకు అలా ఉంటుంది.

అలాగని మానుకున్నానా అంటే, లేదు. మంగళవారం సాయంత్రం నాలుగింటికి అరగంట కార్యక్రమం నాది. విజయనగరం చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, రికార్డరులో పట్టుకొచ్చిన పాటల్ని "ఇదిగో, నాకిది దొరికింది, మీరూ వినండి" అని నలుగురికీ వినిపించడం. రేడియో గదంటే మరీ ఊహించుకోకండి. జువాలజీ ల్యాబు పక్కన పాత స్టోరు రూము. శబ్దం తిరగబడకుండా గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అంటించాం. ఒక అట్టలో మిగిలిపోయిన గుడ్డు నేను వేసిన క్లారినెట్ పాటకి పగిలి పిల్లయిందని చెబితే ఫస్టియర్ పిల్లలు కొందరు వచ్చి అట్టలు తడిమి చూసి వెళ్ళారు.

ఆ క్లారినెట్ మాత్రం నిజం. పెళ్ళి బ్యాండులో వాయించే ఒకాయన, ఊరేగింపు అయిపోయి మిగతావాళ్ళు భోజనాలకి వెళ్ళాక, జనరేటరు బండి మీద కూర్చుని తనకోసం తను వాయించుకున్న ముక్క అది. నెల్లిమర్ల దగ్గర ఒకావిడ బురదలో దిగితే తప్ప తనకి ఊడుపు పాట రాదంటే, నేనూ ప్యాంటు మడిచి దిగి, రికార్డరు నెత్తిమీద పెట్టుకుని నిలబడ్డాను. ఇలాంటివి దొరికిన రోజున నాకు అన్నం సహించదు. ఎప్పుడు మంగళవారం అవుతుందా, ఎప్పుడు వినిపిస్తానా అని ఒకటే తపన. వినిపించే ముందు పాటకో కథ అల్లుతాను. కథ పెరిగిపోతుంది. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

మీటల బల్ల దగ్గర కూర్చునేది మా కెమిస్ట్రీ మేడమ్. గజపతినగరం నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది. వాళ్ళది తాతల కాలంనుంచీ బాప్టిస్టు చర్చికి వెళ్ళే కుటుంబం. ఆదివారం గాయక బృందంలో ఆవిడ గొంతు లేకపోతే పాట లేవదంటారు. మంచి చెవి. నేను కథ చెబుతుంటే ఆవిడ గడియారం వైపు వేలు చూపిస్తుంది. నేను చూడనట్టు నటిస్తాను. నాలుగున్నర కాగానే కంప్యూటరు తనంతట తనే రైతుల కార్యక్రమం మొదలుపెట్టేస్తుంది. దానికి జాలీ మొహమాటం లేవు.

ఆ మంగళవారం నేను పట్టుకెళ్ళింది జముకు పాట.

జముకు అంటే తెలియనివాళ్ళకి: చిన్న బిందెలాంటి దానికి ఒకవైపు తోలు బిగించి, మధ్యలోంచి నరం లాగి కడతారు. ఆ నరాన్ని మీటితే డప్పూ కాదు, తంబూరా కాదు, లోపలెవరో గొంతు సవరించుకుంటున్నట్టు గుర్రుమంటుంది. మా వైపు గ్రామదేవత పండగలకి దీనిమీదే కథలు పాడతారు. ఆమదాలవలస స్టేషను ఎదుటి టీ కొట్టు దగ్గర ఒక ముసలాయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే చూశాను. పండగలకి పాసింజరు బండెక్కి ఊరూరూ తిరిగి పాడే మనిషి. నాలుగు టీలు తాగించి, ఆయన ఇంటి వెనక చింత కట్టెల మోపుల మధ్య కూర్చోబెట్టి పాడించుకున్నాను.

ఆయన ముందే చెప్పాడు. "మేస్టారూ, పిలుపు పాడితే అనుపు పాడాల. అమ్మోరిని పిలిసేసి ఊరుకుంటే కాదు. సాగనంపాల."

"అలాగే తాతా, రెండూ పాడు," అన్నాను.

పాడాడు. పిలుపు వింటుంటే నా చేతులమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నెమ్మదిగా మొదలై, అమ్మవారిని ఒక్కొక్క గుమ్మమూ దాటించుకుంటూ రమ్మని బతిమాలి, చివరికి జముకు పరుగెత్తి, ఆయన గొంతు చిరిగిపోయేలా "వచ్చీవే" అంటాడు. అనుపు దగ్గరికొచ్చేసరికి దరువు లేదు. ఏదో నసుగుతున్నట్టు చాలాసేపు ఒకటే స్వరం. మధ్యలో దగ్గు. ఇంటికొచ్చాక ఆ భాగం విని, ఇదెవరు వింటారులే అనుకుని తీసేశాను. రికార్డరులో చోటు కావాల్సివచ్చి మరునాడే దాని మీద ఇంకేదో ఎక్కించాను కూడా. పాటల పిచ్చివాళ్ళం, మాకు రుచించిన ముక్కే పాట అనుకుంటాం.

మంగళవారం నాలుగింటికి కథ మొదలుపెట్టాను. ఈ జముకు మోగితే ఆమదాలవలసలో గూడ్సుబండి సిగ్నల్ లేకుండా ఆగిందన్నాను. వరి లారీల్లో బస్తాలు వాటంతటవే సర్దుకుని దారి ఇచ్చాయన్నాను. మేడమ్ వేలు చూపించింది. ఇంకొంచెం చెప్పాను. ఈసారి రెండు వేళ్ళు చూపించి కళ్ళెర్రజేసింది. అప్పుడు పాట వేశాం. పిలుపు లేచింది, ఊరి పొలిమేర దాటింది, వీధి దాటింది, జముకు పరుగందుకుంది, ముసలాయన గొంతు చిరిగేంత పైకి వెళ్ళి "వచ్చీ" అన్నాడో లేదో, కంప్యూటరు టక్కున కోసేసి, "రైతు సోదరులకు నమస్కారం. వరిలో కాండం తొలుచు పురుగు నివారణ" అంది.

నేను పడీ పడీ నవ్వాను. మేడమ్ నవ్వలేదు. "పాట చంపేశారు సార్. అంతసేపు కథేంటి?" అంది. "వచ్చే వారం మళ్ళీ వేద్దాంలెండి," అని కుర్చీలోంచి లేచాను.

అప్పుడు స్టూడియో ఫోను మోగింది.

"పాటలేసే సారేనా?" మగ గొంతు. రొప్పుతున్నాడు. గజపతినగరం రోడ్డు మీద ఒక ఊరి పేరు చెప్పాడు. "సారూ, పాటెందుకు ఆపేసినారు? మా ఇంటిదాని మీదకి అమ్మోరు వచ్చేసినాది. ఊగుతన్నాది. కూకోదు. నీల్లు తాగదు. ఎవుల్నీ దగ్గరికి రానీదు."

ఇలాంటి ఫోన్లు చేసి జనాన్ని ఏడిపించడంలో నేను చాలా పేరున్నవాణ్ణి. మా స్టాఫ్ రూములో ఎవరో బాకీ తీర్చుకుంటున్నారనుకున్నాను. "అమ్మవారికి ఫోనివ్వండి, మాట్లాడతాను," అన్నాను.

అతను ఇచ్చాడు. అంటే, ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళాడు. ముందు గాజులు వినిపించాయి, ఒకే లెక్కన. తర్వాత ఊపిరి. ముక్కుతో లాగి నోటితో "హుఁ" అని వదులుతోంది. ఆ ఊపిరి జముకు పరుగు ఎక్కడ తెగిందో సరిగ్గా ఆ వేగంలో ఉంది. అదే వేగం, తగ్గదు, పెరగదు. వెనక ఒక ముసలి ఆడ గొంతు, "తల్లీ, కడుపుతో ఉన్న పిల్ల, ఒగ్గేయ్ తల్లీ" అని ఏడుస్తోంది.



"కడుపుతో ఉందా?" అన్నాను.

"ఏడో నెల సారూ," అన్నాడు అతను, మళ్ళీ ఫోను చెవికి పెట్టుకుని. "పొద్దుట్నించి ఎండలో మినప పనికి ఎల్లొచ్చి సరిగ్గా తిననేదు కూడాను. పడిపోతాదేమోనని భయంగా ఉన్నాది."

"ముందు ఆవిణ్ణి పట్టుకుని కూర్చోబెట్టండి!"

"ఎలా ముట్టుకుంటాం సారూ? అమ్మోరుండగా ముట్టుకుంటే ఇంకేటైనా ఉన్నాదా? ఊరంతా గుమ్మంలో నిలబడిపోనారు. ఎవులూ అడుగెయ్యడం నేదు."

మేడమ్ స్పీకరు మీట నొక్కి అంతా వింటోంది. "అంబులెన్సుకి ఫోన్ చేశారా బాబూ?" అంది.

"సేసినామమ్మా. బయల్దేరినాదన్నారు. వొచ్చినా దీన్నెవులు ఎక్కిస్తారు? అమ్మోరు దిగాల గదా. పిలిసినవోలు పంపాల. అనుపు ఎయ్యండి సారూ, మీ కాల్లు పట్టుకుంటాను. బేగి ఎయ్యండి."

అనుపు నా దగ్గర లేదు. ఆ మాట అతనితో అనడానికి నాకు ధైర్యం చాల్లేదు. "ఉండండి, ఫోను పెట్టకండి," అన్నాను. మేడమ్‌కి మాత్రం చెప్పాను. ఆవిడ నా వైపు చూసిన చూపులో కోపం కూడా లేదు. భయమే ఉంది. అది చూసి నా భయం రెండింతలైంది. ఏ మాటకైనా ఏదో ఒక కథ తడుముకునే నాకు ఆ నిమిషంలో ఒక్క అబద్ధం కూడా తట్టలేదు. ఏడు నెలల కడుపుతో ఒక మనిషి నేను కోసిన చోట నిలబడి ఊగుతోంది. ఆవిడ కూర్చోవాలి, గుక్కెడు నీళ్ళు తాగాలి. అంతే కావాలి. దానికి నా చేతిలో ఏమీ లేదు.

"ఆ ముసలాయనకి ఫోన్ ఉందా?" అంది మేడమ్.

ఆయనకి లేదు. టీ కొట్టువాడిది ఉంది. నా సెల్లు తీసి చేశాను. వాడు ఎత్తి, సంగతి వినకుండానే, "తాతోయ్! నీకు ఇజీనారం నించి ఫోను!" అని కేకేశాడు. ముసలాయన పక్కనే ఉన్నాడు. ఆ ఒక్కదానికీ ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

జరిగింది చెప్పాను. "అనుపు నీకిచ్చినాను గదా?" అన్నాడు ఆయన.

"పోయింది తాతా."

"పోనాదా? ఒరే మేస్టారూ, అదేటి గొడుగేటి, బస్సులో మరిసిపోనానంటావు? ఇంటికి పిలిసి నడివీదిలో ఒగ్గీసినావు. నీ ఇంట ఆడోల్లకి అలా సేస్తే ఊరుకుంటావేటి?"

"తిట్టు తాతా, తర్వాత ఎంతైనా తిట్టు. ఇప్పుడు ఫోన్లో పాడు. నేను మైకు దగ్గర పెడతాను. ఆవిడకి రేడియోలో వినిపిస్తుంది."

"రేడియోలో పిలిసినావు గాబట్టి రేడియోలోనే పంపాల, అది నిజమే. తానం సేసొస్తాను, ఉండు."

"తాతా, స్నానానికి టైము లేదు!"

"మురికి ఒంటితో అమ్మోరికి దండం పెడతానేటి? కొట్టు ఎనకాల బోరుంది. బేగి వచ్చెత్తాను."

నా జన్మలో అంత పొడుగు స్నానం నేను వినలేదు. టీ కొట్టువాడి ఫోనులో బోరింగు కిర్రుమంటోంది, బకెట్టు చప్పుడు, నీళ్ళు. ఇటు స్పీకరులో గాజులు, "హుఁ". గాలిలో కాండం తొలుచు పురుగు. మేడమ్ వంగి కంప్యూటరు వైరు పీకేసింది. రైతుల కార్యక్రమం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో భర్త గొంతు, "సారూ, పెదాలు తెల్లబడతన్నాయి సారూ," అంది.

రేడియో మూగబోయిందని మా ప్రిన్సిపాలు తలుపు తోసుకుని వచ్చారు. ఏదో అనబోయి, స్పీకరులో ఆ ఊపిరి విని ఆగిపోయారు. చెప్పులు విడిచి గోడకానుకుని నిలబడ్డారు. ఆయన భయపడటం చూస్తే మరో రోజైతే నాకు నెల రోజులకి సరిపడా కథ దొరికేది. ఆ రోజు సెల్లు మైకు పక్కన పెట్టబోతే రెండుసార్లు జారిపోయింది. మేడమ్ తీసుకుని రబ్బరు బ్యాండుతో కట్టింది.

ఎర్ర బల్బు వెలిగింది.

ముసలాయన వచ్చాడు. నీళ్ళు కారుతున్న గొంతు. జముకు ఒకసారి మీటాడు. స్పీకరులో గాజులు ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకున్నాయి.

"వింతన్నాది," అన్నాడు భర్త.

ముసలాయన పాడబోయి ఆగాడు. "మేస్టారూ, ఆయమ్మ ఏ ఊర్లో ఉన్నాది?"

చెప్పాను.

"ఆ పక్క నాకు తెలీదు. నాను పిలిసింది మా ఊరి అమ్మోరిని. ఆవిడ అక్కడ కొత్త. ఏ దారిన ఎల్తాది? అనుపంటే మరేటనుకున్నావు, గుమ్మం కాడ్నించి పొలిమేర దాకా దారి సెప్పుకుంటా దింపడమే గదా. ఇజీనారం టేసను కాడికి తెచ్చి నాకప్పజెప్పండి. అక్కడ్నించి రైలు పట్టాలెంట నాను తెచ్చుకుంటాను. అంతవరకూ మీరు సెప్పాల. సరిగ్గా సెప్పాల. ఒక్క మలుపు తప్పినా నడిదారిలో నిలబడిపోతాది."

నేను తీసేసిన నసుగుడు అదన్నమాట. అది దారి. ఆయన ఇంటి గుమ్మం నుంచి వాళ్ళ ఊరి గుడి దాకా మలుపు మలుపునా చెప్పిన దారి.

భర్త అందుకున్నాడు. "మా గుమ్మం తూరుపు సారూ. మెట్టు దిగితే ఎదర కుళాయి. ఎడం పక్క రైసు మిల్లు గోడ."

ముసలాయన అదే పాట చేశాడు. గుమ్మం దిగవే తల్లీ, కుళాయి దాటవే, మిల్లు గోడ నీకు ఎడంపక్క. దరువు లేదు. ఒక్కొక్క మీటు, మధ్యలో చాలా చోటు. భర్త ఒక్కో గుర్తూ చెప్పడం, ఆయన పాడటం. తారు రోడ్డు దాకా తెచ్చారు.

"గాజులు నెమ్మదించాయి," అంది మేడమ్ నా చెవిలో.

తారు రోడ్డు నుంచి నా వంతు. ఆ రోడ్డు మీద నేను ఎన్నిసార్లు తిరిగానో. పెట్రోలు బంకు చెప్పాను. వరసగా కొబ్బరి బొండాల పాకలు చెప్పాను. ఆయన పాడుతున్నాడు. కల్వర్టు చెప్పాను. ఊరికే కల్వర్టు అనకుండా దానికేదైనా తగిలిద్దామని నాలిక లేచింది. పళ్ళతో పట్టుకున్నాను. గొట్లాం దాటించాం. టౌను దగ్గర పడుతోంది.

"అక్కడ రైలు గేటు," అన్నాను. "గేటు దాటి కుడికి."

ఆయన గేటు పాడాడు. కుడికి తిరగవే తల్లీ అన్నాడు.

"సారూ!" భర్త అరిచాడు. "తిరుగుతన్నాది! ఉన్నసోటే గుండ్రంగా తిరుగుతన్నాది! ఏటి సెప్పినారు? ఆ గేటెక్కడున్నాది సారూ, మూసేసి గోడ కట్టేసినారు గదా!"

నా కళ్ళ ముందు ఆ గోడ కనిపించింది. కట్టిన తర్వాత నేనూ వెళ్ళాను ఆ దారిన. అయినా నా బుర్రలో పాత గేటే ఉంది. అక్కడ ఇప్పుడు ఎటు తిరగాలి? పైవంతెన ఎక్కాలా, కింద నుంచా? వంద మలుపులు కనిపించాయి, ఒక్కటీ నమ్మకం లేదు. ముసలాయన ఒకే మీటుని పట్టుకుని సాగదీస్తున్నాడు. గాజులు మళ్ళీ జోరందుకున్నాయి. ప్రిన్సిపాలు గోడ దగ్గర కళ్ళు మూసుకున్నారు.

"నాకు తెలీదు," అన్నాను మైకులో. ఊళ్ళన్నీ వింటుండగా ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

మేడమ్ కుర్చీ లాక్కుని మైకు ముందుకి వచ్చింది. నేను ఆవిడ మొహం చూశాను. ఆదివారం పాటలు పాడే మనిషి. రేపు వాళ్ళవాళ్ళు ఏమంటారో. ఆ సంగతి ఆవిడకీ తట్టినట్టుంది, ఒక ఊపిరంతసేపు ఆగింది. తర్వాత, నాతో కాదు, ఎవరితోనూ కాదు, "దారి ఎవరడిగినా చెబుతాం కదండీ," అంది. 

అని, దారి చెప్పింది. "గోడ దగ్గర ఆగి వెనక్కి రావాలి. మామిడికాయల గోడౌను దాకా. అక్కడ ఎడమకి పైవంతెన. ఎక్కేటప్పుడు కుడిపక్కన ఆనుకుని రావాలి, ఎడమన లారీలు దిగుతాయి. దిగాక మూడు దారులు. నడిమిది." రోజూ రెండు పూటలా స్కూటీ మీద తిరిగే మనిషి కనుక గతుకులతో సహా చెప్పింది. ఆవిడ చెప్పిన ప్రతిదాన్నీ ముసలాయన పాడాడు. గతుకులు కూడా.

పాట గోడ దగ్గర నుంచి వెనక్కి వచ్చి వంతెన ఎక్కేసరికి, "తిరగడం ఆగినాది," అన్నాడు భర్త.  

స్టేషను దాకా తెచ్చి మేడమ్ వెనక్కి వాలింది. చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "అందినాది, అందినాది," అన్నాడు ముసలాయన, మోపు నెత్తికెత్తుకున్నవాడిలా. అక్కడ్నుంచి ఆయన గొంతులో తడుములాట లేదు. నెల్లిమర్ల, చంపావతి మీద వంతెన, గరివిడి, చీపురుపల్లి. పాసింజరు బండి ఆగినట్టే ఒక్కో స్టేషన్లో ఆగుతున్నాడు. సిగడాం. పొందూరు. అమ్మవారికి కిటికీ పక్క చోటిచ్చి కూర్చోబెట్టి తెస్తున్నాడేమో అనిపించింది. గాజులు ఎప్పుడో ఒకటీ అరా వినిపిస్తున్నాయి. నేను కుర్చీ చేతులు ఎంత గట్టిగా పట్టుకున్నానో తర్వాత వేళ్ళు విప్పుకోలేకపోయాను.

దూసి దాటించాడు. ఇంక నాగావళి వంతెన. అది దాటితే ఆయన ఊరు. "ఏరు దాటవే" అని ఎత్తుకున్నాడు.

అప్పుడొచ్చింది గూడ్సుబండి. కథ కాదు, నిజం బండి. ఆమదాలవలస స్టేషన్లోంచి, టీ కొట్టు ఎదురుగా, ఇనుప ఖనిజంతో. ఫోనులో పాట మొత్తం మునిగిపోయింది. ధడ ధడ తప్ప ఏమీ లేదు. వంతెన నడిమధ్య, ఏటి మీద, గొంతు పోయింది.

"సారూ, పాటేదీ?" అన్నాడు భర్త. "సారూ, మోకాల్లు ఒణుకుతన్నాయి దానికి. పడిపోతాదేమో. పాటేదీ?"

నేను "తాతా, తాతా" అని అరుస్తున్నాను. వ్యాగన్లు వస్తూనే ఉన్నాయి. మా వైపు గూడ్సుబండ్లకి తోక ఉండదు. మేడమ్ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనేమో. ఆవిడ స్పీకరు మీద చెయ్యేసి నా మాట ఆపమని సైగ చేసింది. చెవి పెట్టి వినమంది. ధడధడల అడుగున ఉంది. జముకు. ముసలాయన పాట ఆపేశాడు కాని నరం వదల్లేదు. ఆ బండి పొడుగునా దాన్ని మీటుతూనే ఉన్నాడు, తొందర లేకుండా. పట్టాల పక్క బతికిన మనిషికి బండి వెళ్ళేదాకా ఆగడం మామూలే కాబోలు.

"జముకు వినిపిస్తోందా?" అన్నాను భర్తతో.

"వినిపిస్తన్నాది... సన్నగా."

"ఆవిడ నిలబడే ఉందా?"

"ఉన్నాది."

చివరి వ్యాగను పోయింది. దాని వెనక నిశ్శబ్దంలోంచి ముసలాయన ఎక్కడ వదిలాడో అక్కడే అందుకున్నాడు. ఏరు దాటవే తల్లీ, ఒడ్డు ఎక్కవే. స్టేషను, వడ్ల కొట్లు, టీ కొట్టు. తను కూర్చున్న టీ కొట్టు ముందు నుంచే తీసుకెళ్ళాడు. తర్వాత వాళ్ళ ఊరి బాట, వాళ్ళ గుడి, గుడి గడప. "కూకోవే తల్లీ," అన్నాడు. జముకు మీద అరచెయ్యి ఆనించినట్టుంది, మోత ఆగిపోయింది.

గాజుల చప్పుడు లేదు. ఊపిరి చప్పుడూ లేదు.  ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది. పడిపోయిందా? ఏమైంది?  అడిగితే ఏం చెబుతాడో.

"కూకుంది," అన్నాడు భర్త, చాలా చిన్నగా. తర్వాత అరిచాడు, "ఓలమ్మా, కూకుంది! నీల్లు తెండర్రా!"

పరుగులు వినిపించాయి. గిన్నె ఏదో దొర్లింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. వాళ్ళ మధ్యలోంచి కొత్త గొంతు, ఆడగొంతు, నీరసంగా, కాస్త విసుగ్గా: "ఏటి, అందరూ ఇలా నా మీద పడిపోనారు? ఒగ్గండి."

నేను స్పీకరు ఆపడం మరిచిపోయాను. మేడమ్ కూడా. ఫోను అవతల ఆవిడ నీళ్ళు తాగడం మొత్తం గాలిలోకి వెళ్ళింది. ఒక్కో గుక్క, గొంతు దిగుతూ, మధ్యలో ఊపిరి తీసుకుని మళ్ళీ. మా రేడియో చేరే ప్రతి ఇంట్లోనూ అది వినపడే ఉంటుంది. చెంబు కింద పెట్టిన చప్పుడు. దూరంగా అంబులెన్సు కూత.

"ఇంకా కావాల," అందావిడ.